దొరసాని, గడుగ్గాయి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీరూ సర్దుకుంటారు, నేనూ సర్దుకుంటాను. ముప్పై ఐదేళ్ళుగా కార్ల కింద పడుకుని స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ మార్చే మనిషికి ఓర్పు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? ఊళ్ళో అందరూ నన్ను స్ప్రింగు మేస్త్రి అంటారు. కారు కొనాలనుకున్నవాళ్ళు ముందు నా షెడ్డుకే వస్తారు. నేను ఆ బండిలో కూర్చుని నాలుగు వీధులు తిరిగొచ్చి ఒక మాట చెప్తాను, ఆ మాట మీద కొంటారు. మిగతా మేస్త్రీలు బండిని ముందు లిఫ్టు మీద పైకెత్తి, కింద టార్చి వేసి చూసి, ఆ తర్వాత నడుపుతారు. నాది ఆ పద్ధతి కాదు. సీట్లో కూర్చుంటే చాలు, కింద ఏముందో నాకు తెలిసిపోతుంది. ఆ శనివారం మధ్యాహ్నం మూడు గంటల దాకా అలాగే అనుకున్నాను.

ఆ శనివారం మా అక్కకు కారు చూడాల్సిన రోజు. అక్క సిటీ బస్సు డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్ళు నడిపి నెల కిందటే రిటైరయింది. రిటైరైన మూడో రోజే నా షెడ్డుకొచ్చి, "ఒరేయ్, నేను కారు కొంటానురా" అంది. మెత్తగా పోయే చిన్న బండేదైనా చూద్దాంలే అన్నాను. అక్క నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు నలభై దాటకుండా నడిపానురా. నా బతుకులో నేను దాటింది సైకిళ్ళనే. నాకు పరిగెత్తే బండి కావాలి."

నేను నోరెళ్ళబెట్టాను. మా అమ్మాయి మాత్రం చేతిలో ఉన్న స్పానర్ కింద పడేసి చప్పట్లు కొట్టింది. మా అమ్మాయి కూడా నా షెడ్డులోనే మెకానిక్కు. పని నా దగ్గరే నేర్చుకుంది కానీ, మేనత్తను చూస్తే నన్ను మర్చిపోతుంది.

అక్క మనసుపడ్డ బండ్లు రెండు. రెండూ ఒకే కంపెనీ కడుపున పుట్టినవే. వెనక తలుపు పైకి లేచే పొట్టి బండ్లు, అదే ఇంజను, అదే గేర్‌బాక్సు, కింద అదే చట్రం. కాకపోతే ఒకటి ఖరీదైన బ్రాండు పేరు పెట్టుకుని పెద్ద అద్దాల షోరూములో నిలబడుతుంది, రెండోది పదిమంది కొనే బ్రాండు పేరుతో పక్క షోరూములో నిలబడుతుంది. మొదటిదానికి నేను దొరసాని అని పేరు పెట్టాను, రెండోదానికి గడుగ్గాయి అని. రెండు షోరూముల యజమానీ ఒకడే. పాతికేళ్ళ పరిచయం కొద్దీ నా మాట కాదనలేక, పొద్దున్నే రెండు బండ్లనూ షెడ్డుకు పంపించాడు. సాయంత్రం నాలుగింటికల్లా ఏది కావాలో చెప్పాలి. దొరసాని ఆ రకంలో చివరిది, కంపెనీ ఇక చెయ్యదు. దానికోసం ఇంకొకాయన కాచుకుని కూర్చున్నాడు. అక్క వద్దంటే ఆ సాయంత్రమే ఆయన ఎగరేసుకుపోతాడు.

అక్క దాచుకున్నదంతా ఈ ఒక్క బండికే. మళ్ళీ ఇంకోటి కొనే వయసూ కాదు, స్తోమతూ కాదు. జన్మకొక్క కారు. తప్పు చెప్పానంటే దాన్ని అక్క చివరిదాకా నడపాలి. "ఏరా, నీ చేతిలో పెట్టాను" అని అక్క అంటే, "నువ్వు నిశ్చింతగా ఉండు" అని కాలరెగరేశాను.

ముందు దొరసానిని తీశాను. తలుపు వేస్తేనే తెలిసిపోయింది, మంచి పెట్టె మూత పడ్డట్టు ఒక్క చిన్న చప్పుడు, అంతే. సీట్ల తోలు మీద కుట్టు చూశాను. ఒక్క పోగు వంకర లేదు. ఎవరు కుట్టారో కానీ ఆ చేతికి దణ్ణం పెట్టాలి. గోదాముల వీధి దాటి, రైలు గేటు మీదుగా రింగు రోడ్డెక్కి కాలు అదిమాను. నాలుగు చక్రాలూ ఒక్కసారే నేలను పట్టుకుని తోశాయి. జారడాలు లేవు, తడబడడాలు లేవు. తడి రోడ్డు మీదైనా ఇలాగే పోతుందని ఒట్టేసి చెప్పగలను. పట్టాల మీద ముందు చక్రాలు దిగి లేచాయి కానీ, నా నడుము దాకా ఏమీ రాలేదు. ఇలాంటి బండిని చేసిన ఇంజనీర్ల మీద నాకు అసూయ లేదంటే అబద్ధమే.

రింగు రోడ్డు మీద అక్కకు స్టీరింగు ఇచ్చి నేను పక్క సీట్లో కూర్చున్నాను. అప్పుడు చూడాలి తమాషా. బస్టాపు కనబడ్డప్పుడల్లా అక్క అద్దంలో చూసుకుని, వేగం తగ్గించి, బండిని అంచుకు తీసేస్తోంది. ఒక స్టాపులో సంచీ పట్టుకున్న పెద్దాయన చెయ్యి కూడా ఎత్తాడు.

"అక్కా, ఇది కారే. ఎక్కేవాళ్ళెవరూ లేరు!"

"చెయ్యి ఎత్తిన మనిషిని వదిలేసి పోవడం నాకు రాదురా. నేర్చుకోవాలి."

"మలుపులో బ్రేకు ముందే వెయ్యాలి, మలుపులోకి వెళ్ళాక కాదు."

"ఓహో! నీకు సైకిలు నేర్పిందెవర్రా? రెండుసార్లు కాలవలో పడ్డావు, నేనే లాగాను."

"ఒక్కసారే."

"రెండుసార్లు. రెండోసారి అమ్మకి చెప్పలేదంతే."

అలా ఒక మాటకు రెండు మాటలు అంటించుకుంటూ పోతుంటే, ముందు ఒక సిటీ బస్సు కనబడింది. అక్క డిపోదే. అక్క ఊపిరి బిగబట్టి, ఇండికేటరు వేసి, రెండుసార్లు అద్దం చూసుకుని, కాలు అదిమింది. దొరసాని ఒక్క అంగలో బస్సును దాటేసింది. ఆ డ్రైవరు అక్కను గుర్తుపట్టి పొడుగ్గా హారను కొట్టాడు. అక్క పడీ పడీ నవ్వింది. "పాపం, వాడింకా పదకొండు స్టాపులు ఆగాలి" అని కళ్ళు తుడుచుకుంది. అక్క అలా నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు.

తర్వాత అదే దారిలో గడుగ్గాయి. ముందు రోజు సాయంత్రమే లారీ దిగిన బండి అది, సీట్ల మీద ప్లాస్టిక్ కూడా తీయలేదు. ఇందులో తోలు లేదు, గళ్ళ గుడ్డ. కానీ ఆ సీటు నడుమును రెండు పక్కలా పట్టుకుని కూర్చోబెడుతుంది. టచ్ స్క్రీన్ల గోల తక్కువ, నొక్కే బొత్తాలు ఎక్కువ. అది నాకు బాగా నచ్చింది. ముందు రెండు చక్రాలతోనే లాగుతుంది, అయినా మలుపులో ముక్కును లోపలికి గుంజుకునేలా ఆ రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ లాక్ ఒకటి పెట్టారు. ఇంక ఇంజనంటారా, దొరసానిలో ఉన్న ఇంజనే, కానీ ఇక్కడ దానికి నోరొచ్చింది. కాలు తీసినప్పుడల్లా వెనక గొట్టం పటపటమంటుంది. అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది దాని ముందు భాగం. అబ్బబ్బ, ఏం బిగువు! మలుపు తిప్పితే ఒరగదు, బ్రేకు వేస్తే ముక్కు వంగదు. గుంతల మీద ఎగిరిందనుకోండి, ఎగరనీ. పరిగెత్తే బండి అంటే అలాగే ఉండాలి.

అక్క నడుపుతున్నంతసేపూ నేను పక్కన కూర్చుని చెప్తూనే ఉన్నాను. స్టీరింగు గురించి, స్ప్రింగుల గట్టితనం గురించి, ఇంత తక్కువలో ఇంత బండి చేసినవాళ్ళ తెలివి గురించి గొంతు చించుకుని చెప్పాను. అక్క "ఊఁ" అంది. ఇంకోసారి "ఊఁ" అంది. దొరసానిలో అన్ని మాటలన్న మనిషి ఇందులో నోరు మెదపలేదంటే, బండి ఆమెను ఎంతగా ముంచేసిందో అనుకున్నాను. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

షెడ్డులో మూలగా మా ఆఫీసు గది ఉంది. పాత వ్యానులో నుంచి పీకిన సీటే అందులో సోఫా. దాని మీద అక్కను కూర్చోబెట్టి టీ ఇచ్చి, నిలబడి తీర్పు చెప్పాను.

"చూడక్కా. దొరసానికి వంక పెట్టలేం. వానలో, ఎక్కువ దూరాల్లో దానికి సాటి లేదు. కానీ నువ్వడిగింది పరిగెత్తే బండి. గడుగ్గాయి ముందు భాగం చూశావా? ఆ బిగువు దొరసానికి లేదు. అది చేసినవాడెవడో మహానుభావుడు. పైగా నీ దగ్గర నాలుగు డబ్బులు మిగులుతాయి."

అక్క కిటికీలోంచి బయట నిలబడ్డ రెండు బండ్లనూ చూసింది. కాసేపు టీ గ్లాసును అరచేతుల మధ్య తిప్పింది. "నీకు తెలిసినంత నాకేం తెలుసురా. నీ మాటే నా మాట" అంది. వెంటనే షోరూముకు ఫోను చేసి, దొరసాని వద్దు, గడుగ్గాయికి కాగితాలు రాయించు అని చెప్పేశాను. నాలుగింటికి మనిషిని పంపిస్తాను, దొరసానిని ఆయనకిచ్చేస్తాను అన్నాడు యజమాని. ఇచ్చుకో అన్నాను.

మూడింటికి మా అమ్మాయి పిలిచింది. నేను వద్దన్నా వినకుండా గడుగ్గాయిని లిఫ్టు మీద పైకెత్తి పెట్టింది.

"నాన్నా, ఒక్కసారి ఇలా రా."

"ఎందుకు? నేను చూడాల్సింది చూసేశాను."

"రా నాన్నా."

వెళ్ళాను. ముందు చక్రం వెనక టార్చి వేసి చూపించింది. స్ప్రింగు చుట్ల మధ్య నల్లటి రబ్బరు దిమ్మ ఒకటి బిగించి ఉంది. రెండో పక్కా అలాంటిదే.

కొత్త బండ్లను లారీల్లో తెచ్చేటప్పుడు ఊగకుండా ఫ్యాక్టరీలో ఈ దిమ్మలు దూరుస్తారు. షోరూముకు చేరగానే పీకి పారెయ్యాలి. ఎవరో హడావిడిలో మర్చిపోయారు. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఎవరైనా దీన్ని చూడగానే చెప్తారు. పని నేర్చుకునే రోజుల్లో నేనే వందల బండ్లకు వీటిని పీకాను. దిమ్మ ఉంటే స్ప్రింగు ఆడదు. స్ప్రింగు ఆడకపోతే ముక్కు వంగదు, బండి ఒరగదు, గుంతల మీద ఎగురుతుంది. పొద్దుటి నుంచి నేను గొంతు చించుకుని పొగిడింది ఈ రబ్బరు ముక్కల్నన్నమాట. నేను మహానుభావుడన్నది వీటిని తియ్యడం మర్చిపోయినవాణ్ణి.

మా అమ్మాయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది, ఒక కేకేసి తేలికపడేవాణ్ణి.

"ఇప్పుడు గప్‌చిప్‌గా తీసేస్తే అత్తకు తెలియదులే అనుకుంటున్నావు కదూ?" అంది.

"నేనేమన్నా అన్నానా?"

"మొహం అంటోంది."

పళ్ళు కొరుక్కుంటూ నా చేత్తోనే రెండు దిమ్మలూ తీశాను. బండి దింపి ఒక్కణ్ణే గోదాముల వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. నిజం చెప్పాలి కదా, దిమ్మల్లేని గడుగ్గాయి ఇంకా మంచి బండి. మలుపులో కొంచెం ఒరిగి, అక్కడ కుదురుకుని, లాక్కుపోతుంది. గుంతలో దిగి ఒక్కసారి లేచి ఊరుకుంటుంది. ముందు దాన్ని పొగిడినందుకు సిగ్గేసింది కానీ, ఇప్పుడు పొగడకపోతే పాపం తగులుతుంది. అమ్మయ్య, కారణం తప్పయినా తీర్పు తప్పు కాదు అనుకున్నాను. తిరిగొచ్చేసరికి మూడున్నర దగ్గరవుతోంది.

గదిలోకి వెళ్ళి అక్క ముందు నిలబడ్డాను. దిమ్మల సంగతంతా చెప్పాను.

"తెలుసులేరా" అంది అక్క.

"ఏం తెలుసు?"

"రైలు గేటు దగ్గరే తెలిసింది. పట్టాల మీద ముందు చక్రాలు దిగలేదు. స్ప్రింగుకు ఏదో అడ్డం పడిందనుకున్నా. నిలబడ్డ ముసలివాళ్ళు తూలిపడకుండా ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపినదాన్ని, ఆ మాత్రం తెలియదా?"

నా గాలి మొత్తం దిగిపోయింది. లిఫ్టు లేకుండా, టార్చి లేకుండా, సీట్లో కూర్చుని కనిపెట్టింది. అది నేను చేస్తానని ఊరంతా చెప్పుకునే పని.

"మరి చెప్పవేం?"

"నువ్వు చెప్పనిస్తేగా! పైగా నువ్వు అంత సంబరపడిపోతుంటే, నీకు తెలిసే ఉంటుందిలే అనుకున్నా."

"సరే, తిట్టు, పడతాను. కానీ ఇప్పుడు దిమ్మలు తీశాక బండి ఇంకా బాగుందక్కా! ఒక్కసారి నడిపి చూడు, నువ్వే అంటావు..."

"నాన్నా, ఆగు." మా అమ్మాయి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. "అత్తా, నీకు ఏది నచ్చింది? నాన్నకి కాదు. నీకు."

అక్క ఆ ప్రశ్న తనకేనా అన్నట్టు చూసింది.

"డిపోలో పొద్దున్నే బోర్డు మీద మా పేరు ఎదురుగా బస్సు నంబరు రాసి ఉంటుందమ్మా. ఏది రాస్తే అది ఎక్కడమే. ఏది నచ్చిందని ఎవరూ అడగరు" అంది.

నాకు తలకొట్టేసినట్టయింది. పొద్దుటి నుంచి రెండు బండ్లనూ నట్టూ బోల్టుల దాకా పోల్చినవాణ్ణి, నేనూ అడగలేదు. బోర్డు మీద నంబరు రాసి ఇచ్చాను, అంతే.

"చెప్పక్కా" అన్నాను.

"దొరసాని."

ఒప్పుకుంటాను, అప్పుడు కూడా నాలోని మేస్త్రి చావలేదు. "ఎందుకు? నాలుగు చక్రాల తోపుకా? ఆ తోలుకా? ఏం చూసి?" అని గదమాయించాను.

అక్క ఒక చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"మా బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే ఉంటుందిరా, ఒక పెట్టె కింద. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ చెవి పక్కనే అరిచింది. ఈ చెవి సగం పోయింది. రిటైరయ్యే ముందు పరీక్షల్లో తేలింది."

"నాకు చెప్పలేదే!"

"చెప్తే పరిగెత్తే బండి కొననిచ్చేవాడివా?"

కొననిచ్చేవాణ్ణి కాదు. అది ఇద్దరికీ తెలుసు.

"గడుగ్గాయి మంచి బండేరా. మంచిదే, కాదనను. కానీ ఆ పటపటల్లో నువ్వు పక్కన కూర్చుని అంతసేపు ఏం చెప్పావో నాకు ఒక్క ముక్క తెలియదు. పెదాలు కదులుతుంటే ఊఁ అన్నాను. దొరసానిలో నువ్వన్న ప్రతి మాటా వినబడింది. చాలా రోజులైంది, ఎవరైనా పక్కన కూర్చుని మాట్లాడితే ఇలా వినబడి."

మా అమ్మాయి మొహం అటు తిప్పుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. ఇంజను పోల్చాను, స్ప్రింగులు పోల్చాను, సీట్ల గుడ్డ కూడా పోల్చాను. మా అక్కకు నా మాట వినబడుతుందో లేదో చూడాలని నాకు తట్టలేదు.

గడియారం చూస్తే నాలుగింటికి పది నిమిషాలు. ఫోనందుకుని షోరూము యజమానికి చేశాను. మనిషి బయల్దేరిపోయాడని, అవతలి ఆయన కూడా వెంటే వస్తున్నాడని నసిగాడు.

"రానీ. టీ ఇచ్చి పంపిస్తా. దొరసాని మా అక్కది."

"నువ్వే కదయ్యా వద్దన్నావు?"

"నేను వద్దన్నాను. మా అక్క వద్దనలేదు. నీ బండిలో దిమ్మలు వదిలేసి పంపిన సంగతి ఊరంతా చెప్పనా, కాగితాలు మారుస్తావా?"

మార్చాడు. అవతలి ఆయన వచ్చి చాలాసేపు మొహం మాడ్చుకుని నిలబడితే, నేనే గడుగ్గాయి తాళం చేతిలో పెట్టి ఒక్క చుట్టు తిరిగి రమ్మన్నాను. వెళ్ళినవాడు అరగంట దాకా రాలేదు. వచ్చాక మాత్రం మొహం చాటంత చేసుకుని దిగాడు. నాకు తెలుసు, ఆ బండి అలాంటిది.

సంతకాలయ్యాక అక్క దొరసానిలో కూర్చుని అద్దాలు సర్దుకుంది. సీటు ఒక అంగుళం ముందుకు జరుపుకుంది. "రారా, ఇంటిదాకా రా" అని పక్క తలుపు తెరిచింది. కూర్చున్నాను. గోదాముల వీధి దాటాం, రైలు గేటు దాటాం, రింగు రోడ్డెక్కాం. నేను కిక్కురుమనలేదు.

"ఏంట్రా, నోరు పడిపోయిందా?" అంది అక్క రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "ఏదో ఒకటి మాట్లాడు. వినబడుతుంది."